నాయిన డైరీలో పోళ్ల లెక్క

మా నాయిన ఏ ఎత్తునైనా కరెంటు పోళ్లలో కొలిచేవాడు. మీటర్లూ అడుగులూ తెలియక కాదు. ముప్పై మూడేళ్లు లైన్‌మన్‌గా చేసిన మనిషికి ఎత్తు అనగానే కళ్ల ముందు నిలబడేది పోలే. 11 కేవీ లైనుకు వేసే సిమెంటు పోలు 9.1 మీటర్లు ఉంటుంది. అందులో మీటరున్నర దాకా భూమిలోకి పోతుంది. "పాతినంక కొలిస్తె తక్కువొస్తది బిడ్డా, పండుకోబెట్టి కొలవాలె" అని నేను రెండో తరగతిలో ఉన్నప్పుడే చెప్పాడు. మా బడి ముందరి వేపచెట్టు ఒక పోలు. నీళ్ల ట్యాంకు రెండు పోళ్లు. మా భువనగిరి గుట్ట ఎన్ని పోళ్లని అడిగితే మాత్రం "దాన్ని ఎక్కి చూస్తెనే చెప్పొస్తది" అనేవాడు. దాని కిందే పుట్టి పెరిగినా, డ్యూటీలో ఉన్నన్నాళ్లూ ఆయనకు తీరిగ్గా ఎక్కే రోజు దొరకలేదు.

ఆయన పోయిన నెలకు అమ్మ బీరువా సర్దుతుంటే పట్టుచీరల కింద పాత ఎల్ఐసీ డైరీ ఒకటి బయటపడింది. రిటైరయ్యాక రాసుకున్నది. పాలవాడి పద్దు, గ్యాసు బండ తెచ్చిన తారీకులు, మనవడికి కొన్న చెప్పుల ఖరీదు. వాటి నడుమ అక్కడక్కడా ఇట్లా ఉంది:

"భువనగిరి గుట్ట. 16 పోళ్లు. తాడు కొత్తది."

"విశాఖ సముద్రం. పోలు ఒకటి, తలకిందులు."

"మెట్రో. 2 పోళ్లు. నిలబడే పోయిన."

"బిల్లింగ్. 100 పోళ్లు. చూసిన."

"రిషికేశ్. 9 పోళ్లు. ఒప్పుకోలే."

అంతే. ఒక్కో ఊరికి ఒక్కో గీత. ఈ గీతల వెనక ఏముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, ఎందుకంటే దాదాపు అన్నిటికీ ఆయన వెంట పోయింది నేనే. ఆయన పోయి మూడేళ్లు కావస్తోంది. నాకు గుర్తున్నంత వరకు రాసి పెట్టకపోతే రేపు నా కొడుక్కు ఆ డైరీలో అంకెలే మిగులుతాయి.

ముందు ఆయన పని గురించి చెప్పాలి. నాయిన 1982లో ఎలక్ట్రిసిటీ బోర్డులో హెల్పర్‌గా చేరాడు. పోలు ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి 'ఎల్సీ' తీసుకుంటారు. లైన్ క్లియర్ అన్నమాట: ఫలానా ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను) మీద పని చేస్తున్నాం, మేం మళ్లీ చెప్పేదాకా కరెంటు వదలొద్దు అని. ఆ తర్వాత లైనును విడదీసే ఏబీ స్విచ్ తీయాలి. పని చేసే చోటుకు రెండు పక్కలా ఎర్తింగ్ రాడ్లు తగిలించాలి. అప్పుడే తీగ ముట్టుకోవాలి. నేను చిన్నప్పుడు నాయిన జోడీగా పనిచేసే ఒకాయన ఎల్సీ తీసుకునే ఎక్కాడు, కానీ ఎర్తింగ్ ఒక పక్కనే వేశాడు. రెండో పక్క ఎవరిదో జనరేటర్ నడుస్తోంది. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి తన్నుకొచ్చింది. ఆయనను కిందికి దించింది మా నాయినే. ఆ రాత్రి నాయిన అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, కలిపి, అట్లాగే లేచిపోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అప్పటినుంచి మా ఇంట్లో ప్రతిదానికీ ఒకటే ప్రశ్న: "ఎల్సీ తీసుకున్నవా?" నేను పరీక్షకు పోతుంటే హాల్ టికెట్ పెట్టుకున్నానా అని దానర్థం. అమ్మ ఊరికి పోతుంటే గ్యాసు కట్టేసిందా అని దానర్థం.

గాలిదుమారం రాత్రులు చెప్పకుండా ఉండలేను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఆకాశం ఎర్రబారి గాలి లేచిందంటే మా ఇంట్లో అందరం మాటలు తగ్గించేవాళ్లం. కరెంటు పోతుంది, వెంటనే ఎవరో ఒకరు తలుపు కొడతారు, నాయిన టార్చిలైటు, బెల్టు, ప్లయర్ తీసుకుని సైకిలెక్కుతాడు. అమ్మ గడపలో కూర్చునేది. మేం చాపమీద పడుకుని చీకట్లోకి చూస్తుండేవాళ్లం. ఎప్పుడో నడిరాత్రి బల్బు వెలిగేది. వాడంతా "వచ్చింది" అని అరిచేవాళ్లు. అమ్మ మాత్రం అరిచేది కాదు. లేచి అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టేది. కరెంటు వచ్చిందంటే ఆయన కిందికి దిగాడని, ఎల్సీ వాపస్ ఇచ్చాడని మాకు తెలుసు.

అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి, రిటైరైన మనిషి కావాలని ఎత్తులెక్కుతానంటే నాకూ మొదట కోపమే వచ్చింది. ఇన్నేళ్లు భయపడింది చాలదా అనిపించింది.

దానికి విత్తనం పడింది 2014లో. ఆ ఏడు మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. గురుకులాల్లో చదివే పిల్లలు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, అప్పటికి ఆ పిల్లకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. ఇద్దరూ కొండ ఎక్కడం మొదలుపెట్టింది మా భువనగిరి గుట్ట మీద. ఆ వార్త చూసిన రోజు నాయిన టీవీ ముందు నిలబడే ఉన్నాడు. "ఆ పిల్లలను నేను చూసిన" అన్నాడు. గుట్ట కింద ఒక లైను మీద పని చేస్తుంటే పైన తాళ్ల మీద వేలాడుతూ పిల్లలు కనిపించారట. ఎవరి పిల్లలో, ఏం చేస్తున్నారో అనుకున్నాడట. ఆ పిల్లల్లో పూర్ణ ఉందో లేదో ఆయనకేం తెలుసు, కానీ ఉందనే ఆయన నమ్మకం. ఆ తర్వాత వారం రోజులు పోయినచోటల్లా అదే చెప్పుకున్నాడు.

ఆ మరుసటి ఏడు, 2015లో, నెల్లూరు జిల్లా వాడు మల్లి మస్తాన్ బాబు ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. ఏడు ఖండాల్లో ఏడు అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన మనిషి. ఆయన అంత్యక్రియలు టీవీలో చూపిస్తుంటే అమ్మ ఏడ్చింది. నాయిన రిటైర్‌మెంటుకు రెండు నెలలుంది. "రిటైరయినంక గుట్ట ఎక్కుడు నేర్చుకుంట" అని అప్పటికే అని ఉన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే తిరగబడింది.

"చూసినవా? పని లేక గుట్టలెక్కుతరా ఎవరన్నా?"

నాయిన నెమ్మదిగా అన్నాడు: "మీ అయ్య మన పెండ్లైన ఏడు నన్ను సాలేశ్వరం తీస్కపోయిండు. ఆయనకేం పనుండె అండ్ల?"

అమ్మది అచ్చంపేట దిక్కు. సాలేశ్వరం తెలియనివాళ్లకు చెప్తాను. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవి లోపల, లోయ అడుగున గుహలో లింగమయ్య ఉంటాడు. పక్కనే పైనుంచి పడే జలపాతం. చెంచుల దేవుడు. ఏడాదిలో చైత్ర పున్నమి ముందువెనక కొన్ని రోజులే అడవి దారి తెరుస్తారు. రాళ్ల మీద, ఒక మనిషి పట్టే అంచుల మీద లోయలోకి దిగాలి. దిగేటప్పుడు జనం "వస్తున్నం లింగమయ్యో" అంటారు, ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అంటారు. ముసలివాళ్లు, చంకలో పిల్లలున్న తల్లులు, అందరూ దిగుతారు. మా తాత అమ్మను భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడట ఒకసారి. అడ్వెంచర్ అనే మాట మా ఇంట్లోకి టీవీతో వచ్చింది గానీ, ఆ పని మా ఇంట్లో అంతకుముందే ఉంది.

అమ్మ ఆ మాటకు జవాబివ్వలేదు. ఒప్పుకోనూ లేదు.

2015 జూన్‌లో రిటైరయ్యాడు. సన్మానం, శాలువా, గోడ గడియారం. నవంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే నన్ను ఉప్పల్ నుంచి రమ్మన్నాడు. చూస్తే కాన్వాస్ బూట్లు కొనుక్కుని ఉన్నాడు. "ఒక్కసారి చూసొద్దాం పా బిడ్డా" అన్నాడు. ఈ మాట నాకు తర్వాత ఏడేళ్లలో ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు.

భువనగిరి గుట్ట ఒకటే రాయి. కోడిగుడ్డు సగం భూమిలో దిగబడ్డట్టు ఉంటుంది. పైన చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట. త్రిభువనగిరే భువనగిరి అయింది. మెట్ల దారి ఉంది. నాయిన చూపు మాత్రం మెట్లున్న దిక్కు కాదు, రాపెలింగ్, అంటే తాడు మీద గుట్ట దిగడం, చేయించే నున్నటి దిక్కు. అక్కడున్న పిల్లలు ఇరవై, ఇరవై రెండేళ్ల వాళ్లు. ఈయన నెరిసిన మీసం చూసి "పెద్దాయనా, మెట్ల మీదికెళ్లి పోరాదు, మంచిగ చూడొచ్చు" అన్నారు, మర్యాదగానే.

నాయిన ఏమీ అనలేదు. కింద చుట్టగా పడేసి ఉన్న తాడు ఒక కొస పట్టుకుని, రెండు చేతుల మధ్య నుంచి మెల్లగా జరుపుతూ మొత్తం తాడు తడిమాడు. ఎక్కడైనా మెత్తబడిందా, పైపొర చిట్లిందా అని. పావుగంట పట్టింది. ఆ పిల్లలు మాటలాపి చూస్తున్నారు.

"దీని వయసెంత?"

"కొత్తదే. ఈ ఏడే తెచ్చినం."

"ఎవలన్న దీని మీద గట్టిగ పడ్డరా?"

"లేదు."

"పైన దేనికి కట్టిండ్రు?"

చూపించారు. రాతిలో దిగ్గొట్టిన రెండు యాంకర్లు. "ఒకటి ఊడొస్తే?" అన్నాడు. "ఇంకోటి పట్టుకుంటది, వేరే కట్టినం" అన్నాడు ఆ పిల్లవాడు. నాయిన ముఖం అప్పుడు వెలిగింది. "అట్ల చెప్పు. రెండు దిక్కుల ఎర్తింగ్."

రాపెలింగ్‌లో అందరినీ ఆపేసేది మొదటి అడుగు. నడుముకూ తొడలకూ పట్టీలుండే హార్నెస్ కట్టుకుని, ఎనిమిది అంకె లాంటి లోహపు కడియంలో తాడు దూర్చి, గుట్ట అంచున వెనక్కి తిరిగి నిలబడాలి. వీపు వెనక ఏమీ ఉండదు. అట్లా ఏమీ లేని దిక్కుకు కుర్చీలో కూర్చున్నట్టు ఒరగాలి. కాళ్లు రాతికి నిటారుగా తన్నిపెట్టాలి. కుడిచేయి తొడ పక్కన తాడును పట్టుకుంటే ఆగుతాం, వదులు చేస్తే దిగుతాం. ఒరగకుండా రాతికి అతుక్కుని నిలబడితే కాళ్లు జారతాయి. పడుచుపిల్లలు కూడా ఈ ఒరగడం దగ్గరే ఏడుస్తారు.

నాయిన ఒరిగాడు. మంచం మీద వాలినట్టు. కింద నుంచి చూస్తున్న నాకు ఊపిరి ఆగింది గానీ, ఒక్క క్షణంలో ఆ భంగిమ గుర్తుపట్టాను. బెల్టు నడుముకు, పోలుకు చుట్టుకుని, వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి పనిచేసే లైన్‌మన్. ఆయన జీవితమంతా అట్లాగే ఒరిగాడు.

"ఇంతకుముందు చేసినవా పెద్దాయనా?" అని పైనుంచి అడిగారు.

"33 ఏండ్లు" అని అరిచాడు.

కిందికి వచ్చాక నీళ్లు తాగి, మళ్లీ పైకి పోయాడు, ఈసారి మెట్ల మీదుగా, నన్ను తీసుకుని. కోట పైనుంచి కాజీపేట పోయే రైలు పట్టాలు, చెరువు, ఊరు. వేలు పెట్టి చూపించాడు. అదిగో ఆ వంకర పోలు, తుఫాను ఏడు నిలబెట్టినం. ఆ చింతచెట్టు పక్కది, అండ్ల కాకి పడి ఫీడర్ మొత్తం పోయింది. ఆయనకు ఊరు వీధులుగా కాదు, లైన్లుగా గుర్తు. గుట్ట ఎత్తు అయిదొందల అడుగుల పైనే అని అక్కడివాళ్లు చెప్తే వేళ్ల మీద లెక్క కట్టి "పదహారు పోళ్లు" అన్నాడు. యాభై ఎనిమిదేళ్లకు తేలింది ఆ లెక్క.

విశాఖ ముచ్చట తొందరగా చెప్పేస్తాను. 2017 ఫిబ్రవరి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పోయాం. ఋషికొండ దగ్గర స్కూబా డైవింగ్. ముక్కు మూసి గాలి ఒత్తితే చెవుల్లో నొప్పి పోతుందని, నీళ్లలో ఊపిరి బిగపట్టొద్దని, బొటనవేలు పైకెత్తితే 'పైకి పోదాం' అని అర్థమని, బాగుంటే బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలపాలని గట్టు మీద నేర్పారు. నాయిన అన్నీ విని తలూపాడు. లోపలికి పోయాక చేపలు చూసి సంతోషం పట్టలేక బొటనవేలు ఎత్తాడు. ఆయనను పైకి తెచ్చేశారు. మళ్లీ దిగాడు, మళ్లీ ఎత్తాడు, మళ్లీ తెచ్చారు. మూడోసారి కుడిచేతి బొటనవేలును ఎడమచేత్తో పట్టుకునే ఉన్నాడట లోపలున్నంతసేపూ. డైరీలో 'తలకిందులు' అంటే అదే, లోతును ఆయన పోలు తిరగేసి కొలిచాడు.

అదే ఏడు హైదరాబాద్ మెట్రో మొదలైంది. జనానికి తెరిచిన మొదటి రోజు, నవంబర్ 29న, నాగోలు నుంచి మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు పోయి తిరిగొచ్చాడు. సీటు దొరికినా కూర్చోలేదట. ఇది సాహసం కాదు కదా అనొచ్చు ఎవరైనా. ఆయనకు ఆ తేడా లేదు. ఇంతకుముందు చేయనిది ఏదైనా ఆయనకు ఒకటే వరుసలో ఉండేది. అరవయ్యేళ్లకు మొదటిసారి పుట్టగొడుగులు తిన్న రోజు కూడా నాకు ఫోన్ చేసి చెప్పాడు.

బిల్లింగ్ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి.

2018 అక్టోబర్. హిమాచల్‌లో బీర్ అనే ఊరు. కింద బీర్, పైన బిల్లింగ్. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగింది అక్కడే. బిల్లింగ్ 2,400 మీటర్ల ఎత్తు, బీర్‌లో దిగే మైదానం దానికి దాదాపు 900 మీటర్ల కింద. జీపు పైన గ్లైడర్ మూటలు కట్టుకుని 14 కిలోమీటర్ల కొండదారి ఎక్కుతాం. వెనక ధౌలాధార్ కొండలు, వాటి మీద కొత్త మంచు. ఆ చలికి నాయిన మఫ్లర్ చుట్టుకున్నాడు, మా భువనగిరి బజార్లో కొన్నది.

తాడు తడిమినట్టే ఇక్కడా దారాలన్నీ తడిమాడు. పైలట్ హిమాచల్ కుర్రవాడు, ఓపికమంతుడు. నాయిన హిందీ మన దక్కనీ హిందీ, అయినా ఇద్దరికీ బాగానే కుదిరింది. గాలి ఎదురుగా ఎందుకు రావాలి అని అడిగాడు. ఎదురుగాలే గుడ్డను నింపి పైకి లేపుతుందని, వెనకగాలి అయితే ఎంత పరుగెత్తినా లేవదని ఆ అబ్బాయి చెప్పాడు. లేచాక పైకి ఎట్లా పోతాం అని అడిగాడు. ఎండకు కొండరాళ్లు వేడెక్కితే అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ గాలి స్తంభం ఎక్కడుందో కళ్లకు కనబడదు, గద్దలు ఎక్కడ రెక్కాడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయో చూసుకుని అక్కడికి పోతాం అన్నాడు. గద్ద ఎల్సీ ఇస్తుందన్నమాట, అని నాయిన నాతో అన్నాడు.

అప్పటికి నేను ఏదీ చేయలేదు. అన్నిచోట్లా కింద నిలబడి ఆయన కళ్లజోడు, చెప్పులు, పర్సు పట్టుకున్నదాన్ని. బిల్లింగ్‌లో ఆ పని లేదు, ఎందుకంటే నిలబడింది పైన, దిగేది కింద. "నువ్వు జీపుల వస్తె నాకు కళ్లజోడు ఎవరిస్తరు? నా ఎనకాలనే ఎగురు" అన్నాడు. ఆయన నా మీద ఒత్తిడి పెట్టడం అదొక్కసారే. నా హార్నెస్ పట్టీలు తనే వచ్చి మూడుసార్లు లాగి చూశాడు. భుజం దగ్గర, నడుము దగ్గర, తొడల దగ్గర. నేను బడికి పోయేటప్పుడు రిబ్బన్లు కట్టిన చేతులు అవి.

"భాగో, భాగో" అని అరుస్తారు. వాలు మీద అంచు దిక్కుకు పరుగెత్తాలి, కాళ్ల కింద నేల పోయినా పరుగెత్తుతూనే ఉండాలి. నాయిన పరుగెత్తాడు. లుంగీ ఎగ్గట్టుకుని వానలో పరుగెత్తినట్టే. ఎర్రగుడ్డ నిండింది, ఆయన లేచిపోయాడు. అయిదు నిమిషాలకు నేను. ఆ మొదటి నిమిషం నాకేమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి, నాకు కొంచెం పైన, ఎడమ పక్కన, మా నాయిన గుండ్రంగా తిరుగుతున్నాడు. బూట్లు రెండూ జోడించి పెట్టుకుని ఉన్నాడు, బస్సులో పక్కవాళ్లకు తగలకుండా కూర్చున్నట్టు.

మైదానంలో దిగాక ఆయన పక్కన గడ్డి మీద కూర్చున్నాను. నా చేతులు వణుకుతున్నాయి. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, గాలికేమో అనుకున్నాను.

"అంత మీదికి ఎక్కిన గదా బిడ్డా ఇన్నేండ్లు" అన్నాడు. "ఎన్నడు చుట్టూ చూడలే. ఎక్కితె సూపు తీగ మీదనే ఉండాలె. పక్కకు చూసినోడు బతకలే. ఎన్ని పొద్దులు గూకినయో నా ఎనకాల, ఒక్కటి చూడలే. ఇయ్యాల చూసిన."

డైరీలో 'చూసిన' అని ఉన్నది అదే.

అప్పటిదాకా నేను అనుకున్నది వేరు. ప్రమాదంలో బతికిన మనిషికి ప్రమాదం అలవాటై, అది లేకపోతే తోచడం లేదేమో అనుకున్నాను. కాదు. ప్రమాదమంటే ఆయనకు అసహ్యం. తాడు తడమకుండా ఎక్కేవాళ్లను, సెల్ఫీ కోసం అంచుకు పోయేవాళ్లను తిట్టేవాడు. ఆయనకు కావలసింది ఎత్తున నిలబడి తీరిగ్గా చుట్టూ చూడటం. అది ఆయనకు డ్యూటీ ఎన్నడూ ఇవ్వలేదు.

2019లో రిషికేశ్ పోయాం. గంగలో రాఫ్టింగ్ చేశాడు, శివపురి నుంచి కిందికి, ముందు వరుసలో కూర్చుని. బంజీ మాత్రం కుదరలేదు. మోహన్ చట్టి దగ్గర కాళ్లకు సాగే తాడు కట్టి 83 మీటర్ల ఎత్తు నుంచి దూకిస్తారు. వయసు, బీపీ చూసి ఆయనను వద్దన్నారు. బతిమాలలేదు, వాదించలేదు. "వాళ్ల నియమం వాళ్లది. ఎల్సీ ఇయ్యకుంటె ఎక్కొద్దు" అన్నాడు. వెనక్కి పోదామంటే పోలేదు. రెండు గంటలు అక్కడే కూర్చుని ఒక్కొక్కరికీ కాళ్లకు పట్టీలు ఎట్లా కడుతున్నారో, ఒకరు కట్టింది ఇంకొకరు ఎట్లా సరిచూస్తున్నారో చూశాడు. ఒక అమ్మాయి తన వంతు రాకముందే ఏడుస్తోంది. నాయిన ఆమె దగ్గరికి పోయి తన హిందీలో చెప్పాడు: పొద్దటినుంచి చూస్తున్నా బేటీ, ప్రతి ఒక్కరినీ ఇద్దరు చూసి పంపుతున్నారు, ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ అమ్మాయి దూకింది. తర్వాత పైకి ఎక్కి వచ్చి మాట్లాడకుండా ఆయన పక్కన కూర్చుంది. ఆయన తన నీళ్ల సీసా ఇచ్చాడు. ఆమె తాగుతున్నంతసేపు ఆయన లోయ దిక్కే చూస్తున్నాడు.

కరోనా ఏడు డాబా మీదే గడిచింది. బట్టలారేసే తాడుతో నా కొడుక్కు ముడులు నేర్పాడు. ఎనిమిది అంకె ముడి వాడు ఇప్పుడు కళ్లు మూసుకుని వేస్తాడు.

2022 ఎండాకాలంలో నాయిన కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నాం. పాంక్రియాస్ క్యాన్సర్. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పెట్ స్కాన్ రాశారు. ఆ గదిలోకి పోయే ముందు టెక్నీషియన్‌ను అడిగాడు, ఇది ఎట్ల పనిచేస్తది అని. ఆ అమ్మాయికి తీరిక లేకపోయినా చెప్పింది: చక్కెర లాంటి మందుకు కొంచెం రేడియేషన్ కలిపి ఎక్కిస్తాం, గంటసేపు కదలకుండా కూర్చోవాలి, క్యాన్సర్ కణాలు చక్కెర ఎక్కువ తీసుకుంటాయి కాబట్టి ఫోటోలో వెలుగుతాయి. బయటికి వచ్చాక అమ్మకు ఆయనే వివరించాడు. "ఎవడు లోడు ఎక్కువ గుంజుతుండో వాడు దొరుకుతడు. గంతే." అమ్మ మొహం అటు తిప్పుకుంది. ఆయన మాత్రం నిజంగానే ఆ మిషన్ గురించి ఆలోచిస్తున్నాడు. డైరీలో ఆ రోజు గీత కూడా ఉంది: "పెట్ స్కాన్. ఎత్తు లేదు. గంట కదలొద్దన్నరు, కదల్లే."

కార్తీకంలో పోయాడు. చివరి వారం ఇంట్లోనే ఉంచుకున్నాం. కిటికీలోంచి గుట్ట కనబడేట్టు మంచం తిప్పమన్నాడు, తిప్పాం. ఇంకా చెప్పడానికి నాకు చేతకాదు.

డైరీలో అన్నిటికంటే కింద, తారీకు లేకుండా ఒక గీత ఉంది. "సాలేశ్వరం. బిడ్డతోని. పోళ్లు" అని రాసి, ముందు జాగా వదిలేశాడు.

ఈసారి చైత్ర పున్నమికి పోయాం. నేను ఒక్కదాన్నే పోదామనుకున్నాను. ముందు రోజు రాత్రి అమ్మ సంచి సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. నాయిన కాన్వాస్ బూట్లు వేసుకుంది, వేళ్ల దగ్గర గుడ్డపీలికలు కుక్కుకుని. "మా అయ్య భుజాల మీద చూసిన. నడిచి చూడలే" అంది. నా కొడుకు బట్టల తాడు తెచ్చుకున్నాడు, తాత చెప్పాడని.

బండ్లు ఆగినచోటు నుంచి ఎర్రటెండలో నడక. తర్వాత లోయ. రాళ్ల మీద పాదం పెట్టే ముందు అమ్మ ప్రతి రాయినీ చేతికర్రతో కొట్టి చూసింది. వెనక జనం తొందరపెట్టినా వినలేదు. ఇరుకు అంచు దగ్గర ఎవరో ముసలాయన "వస్తున్నం లింగమయ్యో" అంటే అమ్మ అందరికంటే గట్టిగా అందుకుంది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

అడుగుకు దిగేసరికి బట్టలు చెమటకు తడిసిపోయాయి, ఆపైన జలపాతం కింద ఇంకోసారి తడిశాయి. అమ్మ గుహలోకి పోయింది, పిలగాడు ఆమె చేయి పట్టుకుని. నేను గుండం అంచున నిలబడి తల పైకెత్తాను. నీళ్లు మొదలయ్యే అంచు నుంచి కిందికి, ఒక పోలు పండుకోబెట్టి, దాని కొసన ఇంకోటి పెట్టి, లెక్కబెట్టడం మొదలుపెట్టాను. నాలుగు దాకా వచ్చాను. పైనుంచి నీళ్లు కళ్లలో పడి లెక్క తప్పింది.